ఇన్‌ఫెక్ట్ డెక్‌లో పంప్ కార్డుల లెక్క ఆఖర్న

మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆటలో ప్రతి ఆటగాడూ 20 లైఫ్‌తో మొదలుపెడతాడు. ఎదుటివాడి లైఫ్‌ను సున్నాకు దించడం మామూలు దారి. 2010 అక్టోబరులో స్కార్స్ ఆఫ్ మిరొడిన్ సెట్‌తో వచ్చిన ఇన్‌ఫెక్ట్ దీనికి అడ్డదారి తెరిచింది. ఇన్‌ఫెక్ట్ ఉన్న క్రీచర్ (మన తరఫున పోరాడే ప్రాణి కార్డు) ఆటగాణ్ణి కొడితే లైఫ్ తగ్గదు, ఆ దెబ్బ ఎంతో అన్ని పాయిజన్ కౌంటర్లు పడతాయి. పది పడ్డాయంటే ఓడిపోయినట్టే, లైఫ్ 20 ఉన్నా 200 ఉన్నా. అంటే సగం దెబ్బతోనే ఆట ముగుస్తుంది. ఒక మనాకు (ల్యాండ్ కార్డులు ఇచ్చే, కార్డులు వేయడానికి ఖర్చయ్యే శక్తికి) దొరికే 1/1 (కొట్టే బలం 1, తట్టుకునే బలం 1) క్రీచర్‌ను ఒక్క టర్న్‌లో 10/10 చేసి కొట్టడం ఈ డెక్ పని. దాడి చేస్తుంది కనుక అగ్రో, సరైన ముక్కలు ఒకేసారి చేతిలో పడితే తప్ప గెలవదు కనుక కాంబో.

ఈ డెక్ తొలిసారి కట్టేవాళ్లందరూ దాదాపు ఒకే పొరపాటు చేస్తారు. పది పాయిజన్ పెట్టాలి కదా అని డెక్ నిండా పంప్ కార్డులు, అంటే క్రీచర్ బలం పెంచే కార్డులు, కుక్కేస్తారు. మొదటి నాలుగైదు ఆటలు బ్రహ్మాండంగా సాగుతాయి. ఆ తర్వాత చేతిలో అయిదు పంప్‌లు పెట్టుకుని క్రీచర్ కోసం ఎదురుచూస్తూ ఓడిపోతారు. రమ్మీలో ప్యూర్ సీక్వెన్స్ పడకుండా ఎన్ని సెట్లు కుదిరినా షో చెప్పలేనట్టే, ఇక్కడ ఇన్‌ఫెక్ట్ క్రీచర్ లేని చేయి ఎంత అందంగా ఉన్నా చెత్తే. అందుకే డెక్ కట్టేటప్పుడు ముందు క్రీచర్ల లెక్క తేల్చాలి, తర్వాత వాటిని కాపాడే కార్డులది. మిగిలిన చోటే పంప్‌లకు.

మోడర్న్ ఫార్మాట్‌లో (ఏ కార్డులు చెల్లుతాయో చెప్పే నియమావళుల్లో ఒకటి) పని చేసే 60 కార్డుల డెక్ ఒకటి ఇలా ఉంటుంది. గ్లిసెనర్ ఎల్ఫ్ 4, బ్లైటెడ్ ఏజెంట్ 4, నోబుల్ హైరార్క్ 4. రక్షణకు వైన్స్ ఆఫ్ వాస్ట్‌వుడ్ 4, బ్లాసమింగ్ డిఫెన్స్ 4, స్పెల్ పియర్స్ 2. బలానికి మైట్ ఆఫ్ ఓల్డ్ క్రోసా 4, మ్యూటాజెనిక్ గ్రోత్ 4, స్కేల్ అప్ 3, గ్రౌండ్‌స్వెల్ 2, బికమ్ ఇమెన్స్ 2. దారి చేసుకోవడానికి డిస్టార్షన్ స్ట్రైక్ 2, అడ్డొచ్చినదాన్ని చంపడానికి డిస్‌మెంబర్ 1. ల్యాండ్‌లు 20: ఇంక్‌మాత్ నెక్సస్ (ఒక మనా పెడితే ఆ టర్న్‌కు ఎగిరే 1/1 ఇన్‌ఫెక్ట్ క్రీచర్‌గా మారే ల్యాండ్) 4, ఆకుపచ్చ వైపు తిరిగే ఫెచ్ ల్యాండ్‌లు (పగలగొట్టి డెక్‌లోంచి ఇంకో ల్యాండ్ తెచ్చుకునేవి) 9, బ్రీడింగ్ పూల్ 2, ఫారెస్ట్ 2, పెండెల్‌హేవెన్ 2, డ్రయాడ్ ఆర్బర్ 1.

ఇందులో ఇన్‌ఫెక్ట్ ఉన్నవి పన్నెండు: ఎనిమిది క్రీచర్లు, నాలుగు ఇంక్‌మాత్‌లు. తొలి ఏడు కార్డుల్లో ఈ పన్నెండులో కనీసం ఒకటి ఉండే అవకాశం 80.9 శాతం. ఇంక్‌మాత్‌లు తీసేసి ఎనిమిదితో సరిపెట్టుకుంటే అది 65.4 శాతానికి పడిపోతుంది, మూడు ఆటల్లో ఒకటి మొదలవకముందే చెడిపోతుందన్నమాట. పదహారు చేస్తే 90.1 శాతం దాకా వెళ్తుంది కానీ మోడర్న్‌లో ఆ మిగతా నాలుగు చోట్లకు సరిపడే నాణ్యమైన చౌక క్రీచర్ లేదు. రెండు మనా పెట్టి బ్లాకర్ ముందు నిలబడిపోయే క్రీచర్‌ను చేర్చడంకన్నా మొదటి చేతిని వెనక్కి పంపడమే లాభం. 2019 నుంచి అమల్లో ఉన్న లండన్ మలిగన్ పద్ధతిలో మళ్లీ ఏడు కార్డులూ చూసి ఒకటి అడుగున పెడతారు. వరసగా రెండు ఏడు కార్డుల చేతుల్లోనూ ఇన్‌ఫెక్ట్ కనబడకపోవడం 3.6 శాతమే. ఆరు కార్డులతో ఆడటం ఈ డెక్‌కు పెద్ద నష్టం కాదు, ఎందుకంటే గెలుపుకు కావలసినవి అయిదే.

ఆ అయిదు ఏవంటే, రెండు ల్యాండ్‌లు, ఎల్ఫ్, స్కేల్ అప్, గ్రౌండ్‌స్వెల్. మొదటి టర్న్‌లో ఎల్ఫ్ దించాలి. రెండో టర్న్‌లో ల్యాండ్ వేసి స్కేల్ అప్ ఆడితే ఎల్ఫ్ 6/4 అవుతుంది. దాడి చేసి, ఎవరూ బ్లాక్ చేయకపోతే గ్రౌండ్‌స్వెల్‌తో +4/+4. ఆ టర్న్‌లో ల్యాండ్ వచ్చింది కనుక రెండుకు బదులు నాలుగు. ఆరూ నాలుగూ పది. స్కేల్ అప్ లేని రోజుల్లో ఇదే పనికి ఎల్ఫ్ 1, మైట్ 4, గ్రౌండ్‌స్వెల్ 4, మ్యూటాజెనిక్ గ్రోత్ 2 కలిపి 11 చేసేవారు, ఒక కార్డు ఎక్కువ ఖర్చు. 2019లో మోడర్న్ హొరైజన్స్‌తో వచ్చిన స్కేల్ అప్ ఆ ఒక్క కార్డునూ మిగిల్చింది.

రెండో టర్న్ గెలుపు చూడ్డానికి బాగుంటుంది కానీ డెక్‌ను దాని కోసం కట్టకూడదు. ఎక్కువ ఆటలు మూడో టర్న్‌లోనో నాలుగో టర్న్‌లోనో తేలతాయి. అప్పటికి ఎదుటివాడి దగ్గర క్రీచర్‌ను చంపే కార్డు ఒకటైనా ఉంటుందని అనుకునే ఆడాలి. మొదట ఆడేవాడు మూడో టర్న్‌కు తొమ్మిది కార్డులు చూస్తాడు. డెక్‌లో రక్షణ కార్డులు నాలుగే ఉంటే ఆ తొమ్మిదిలో ఒకటి పడే అవకాశం 48.8 శాతం, ఎనిమిది ఉంటే 75.1, పది ఉంటే 83.1. నాలుగు నుంచి ఎనిమిదికి వెళ్లినప్పుడు వచ్చేంత లాభం ఈ డెక్‌లో ఇంకే నాలుగు కార్డులు మార్చినా రాదు.

రక్షణ కార్డులన్నీ ఒకే రకం కావు. వైన్స్‌కు ఒక ఆకుపచ్చ మనా పెడితే, ఆ టర్న్‌లో ఎదుటివాడు ఆ క్రీచర్‌ను టార్గెట్ చేయలేడు. ఇంకో ఆకుపచ్చ మనా కలిపి కిక్ చేస్తే +4/+4 కూడా. బ్లాసమింగ్ డిఫెన్స్ ఒకే మనాకు +2/+2, హెక్స్‌ప్రూఫ్ (ఎదుటివాడు టార్గెట్ చేయలేని రక్షణ) రెండూ ఇస్తుంది. వైన్స్‌లో ఇంకో మెలిక ఉంది. దాన్ని ఎదుటివాడి క్రీచర్ మీద కూడా వేయవచ్చు, అప్పుడు దాని యజమానే దాన్ని టార్గెట్ చేయలేడు. ఎదుటివాడు తన క్రీచర్ మీద ఆరా (క్రీచర్‌కు అంటిపెట్టుకునే కార్డు) వేస్తున్నప్పుడు స్పందనగా వైన్స్ వేస్తే ఆ ఆరా వృథా. బ్లాసమింగ్ డిఫెన్స్ మన క్రీచర్ మీదే పని చేస్తుంది. రెండూ టార్గెట్ చేసే దెబ్బల్నే ఆపుతాయి. “ఒక క్రీచర్‌ను బలివ్వు” అనే కార్డుల ముందు, అందరినీ తుడిచేసే కార్డుల ముందు రెండూ దండగే. మొదటి రకానికి డ్రయాడ్ ఆర్బర్‌నో హైరార్క్‌నో బలిచ్చి ఏజెంట్‌ను కాపాడుకోవాలి, రెండోదానికి స్పెల్ పియర్స్ ఉండాలి.

మ్యూటాజెనిక్ గ్రోత్‌ను కొత్తవాళ్లు రక్షణగా లెక్కేస్తారు, అక్కడే దెబ్బతింటారు. 1/1కి +2/+2 ఇస్తే 3/3. లైట్నింగ్ బోల్ట్ కొట్టేది మూడు, క్రీచర్ చస్తుంది, మన కార్డూ పోతుంది. కానీ ఒక్క పాయింట్ దెబ్బ కొట్టే వాటి ముందు ఇది బంగారం. రెన్ అండ్ సిక్స్, లావా డార్ట్, 2023లో వచ్చిన ఆర్కిష్ బోమాస్టర్స్ లాంటివి ఈ డెక్‌ను పీడించేవే. వాటి నుంచి మనా లేకుండా, రెండు లైఫ్‌తో ఎల్ఫ్‌ను బతికించగలిగేది ఇదొక్కటే.

డెక్ గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా ఆడే వరస మీదే.

మ్యాజిక్‌లో ఆఖర్న వేసిన కార్డు ముందు ఫలిస్తుంది. ఎల్ఫ్ మీద మైట్ వేశాక, అది ఫలించకముందే ఎదుటివాడు ఫేటల్ పుష్ అనే చంపే కార్డు వేస్తే, పుష్ ముందు ఫలించి ఎల్ఫ్ చస్తుంది, మైట్‌కు టార్గెట్ లేక గాలిలో కలిసిపోతుంది. ఒక కార్డు ఖర్చుతో వాడు మన రెండు కార్డులు తీసేశాడు. కాబట్టి ఒక పంప్ ఫలించేదాకా రెండోది వేయకూడదు, పుష్ వచ్చిందంటే దానికి స్పందనగా వైన్స్ వేయడానికి మనా మిగిలి ఉండాలి. అది మిగలని టర్న్‌లో, ఎదుటివాడి ల్యాండ్‌లన్నీ ట్యాప్ అయి (ఆ టర్న్‌కు వాడేసి) ఉంటే తప్ప, పెద్ద పంప్ మొదలుపెట్టకపోవడం మేలు. ఒక టర్న్ ఆగి ఏజెంట్‌తో ఒక్క పాయిజన్ పెట్టడం కొన్నిసార్లు సరైన ఆట.

మైట్ ఆఫ్ ఓల్డ్ క్రోసా మన మెయిన్ ఫేజ్‌లో (మన టర్న్‌లో దాడికి ముందూ వెనకా ఉండే దశలో) వేస్తేనే +4/+4, యుద్ధంలో వేస్తే +2/+2. అంటే దాడికి ముందే వేయాలి, ఎదుటివాడు 5/5 ఎల్ఫ్‌ను చూసి తాపీగా బ్లాకర్‌ను ముందుకు తోస్తాడు. అందుకే మైట్ బ్లాక్ చేయలేని ఏజెంట్ మీద, ఎగిరే ఇంక్‌మాత్ మీద బాగా పండుతుంది. ఎల్ఫ్ మీద గ్రౌండ్‌స్వెల్ నయం, బ్లాక్ లేదని తేలాక వేయవచ్చు. గ్రౌండ్‌స్వెల్ కోసం ఫెచ్ ల్యాండ్‌ను వెంటనే పగలగొట్టకుండా అట్టే పెట్టుకునే అలవాటు కూడా చేసుకోవాలి. ఫెచ్ పగిలినప్పుడు వచ్చే ల్యాండ్ కూడా లెక్కలోకి వస్తుంది కనుక, ఎదుటివాడి టర్న్‌లో సైతం +4 అందుతుంది.

ఈ డెక్‌కు కుదిరే ఉత్తమమైన మూడో టర్న్ ఇదీ. మొదటి టర్న్‌లో హైరార్క్, రెండో టర్న్‌లో ఏజెంట్ దించి ఒక మనా వైన్స్‌కో డిఫెన్స్‌కో మిగుల్చుకోవాలి. మూడో టర్న్‌కు మూడు ల్యాండ్‌లు, హైరార్క్ కలిపి నాలుగు మనా. ఏజెంట్ ఒంటరిగా దాడి చేస్తే హైరార్క్‌కున్న ఎగ్జాల్టెడ్ (ఒంటరిగా దాడి చేసే మన క్రీచర్‌కు +1/+1) వల్ల 2/2. మెయిన్ ఫేజ్‌లో మైట్ వేయాలి. ఎదుటివాడు చంపే కార్డు వేస్తే దానికి స్పందనగా కిక్ చేసిన వైన్స్ వేయాలి, వాడి కార్డు వృథా అవుతుంది, +4 మనకు మిగులుతుంది, మైట్ తర్వాత ఫలిస్తుంది. ఒకటి, ఎగ్జాల్టెడ్ ఒకటి, నాలుగు, నాలుగు: సరిగ్గా పది. ఇంకా ఒక మనా మిగిలే ఉంది, బ్లాసమింగ్ డిఫెన్స్‌కు. ఎదుటివాడు వేసిన దెబ్బే మనకు పంప్ వేసే సందర్భం అయ్యే ఈ వరస చేతికి అలవాటయ్యేదాకా ఆడి చూడాలి. అందుకే వైన్స్‌ను వీలైనంతవరకు మొదట వేయకూడదు, ఎదుటివాడు కదిలేదాకా దాచాలి.

స్కేల్ అప్‌తో రెండు ఉచ్చులున్నాయి. అది మూల బలాన్ని 6/4గా మారుస్తుంది, మైట్ వంటివి దాని మీద కలుపుతాయి. నియమాల ప్రకారం మార్చేవి ముందు, కలిపేవి తర్వాత లెక్కకు వస్తాయి కనుక మైట్ ముందు వేసినా తర్వాత వేసినా 10/8 వస్తుంది. కానీ ఇంక్‌మాత్ నెక్సస్‌ను ఒక మనాతో లేపినప్పుడు దానికి వచ్చే 1/1 కూడా మూల బలాన్ని మార్చేదే. స్కేల్ అప్ తర్వాత పొరపాటున మళ్లీ లేపితే ఆఖరి మార్పు గెలిచి మళ్లీ 1/1 అవుతుంది. రెండో ఉచ్చు పెండెల్‌హేవెన్. అది 1/1 క్రీచర్‌నే టార్గెట్ చేస్తుంది, +1/+2 ఇస్తుంది. ఏ పంప్ వేయకముందే దాన్ని వాడి, అది ఫలించాక మిగతావి వేయాలి. మధ్యలో పంప్ వేస్తే క్రీచర్ ఇక 1/1 కాదు, పెండెల్‌హేవెన్ పని చేయదు. కొత్తవాళ్లు తొమ్మిది పాయిజన్ దగ్గర ఆగి చేజార్చుకునే ఆటల్లో చాలాభాగం ఈ ఒక్క పాయింట్ దగ్గరే.

ఇంక్‌మాత్ మీద ఆశ పెట్టుకున్న చేతిని జాగ్రత్తగా తూచాలి. ల్యాండ్ అయినా అది ఆ టర్న్‌లోనే వస్తే దాడి చేయలేదు. తనను లేపడానికి ఒక మనా తింటుంది, దాడికి పోతే మనా ఇవ్వదు, ఇచ్చినా రంగు లేనిది. మూడు ల్యాండ్‌లలో ఒకటి ఇంక్‌మాత్ అయితే, దాన్ని లేపాక పంప్‌లకు మిగిలేది ఒక్క మనా. అందువల్ల ఇంక్‌మాత్‌తో గెలుపు ఒక టర్న్ ఆలస్యం. బదులుగా టర్న్‌లో ఎక్కువసేపు క్రీచర్ కాదు కాబట్టి, ఎదుటివాడు తన టర్న్‌లో మాత్రమే వేయగలిగే చంపే కార్డులు దాన్ని ముట్టుకోలేవు. పదే పదే దెబ్బ కొట్టే రెన్ అండ్ సిక్స్ మీద ఆడేటప్పుడు నెగ్గేది చాలాసార్లు ఇదే. బ్లడ్ మూన్ పడితే మాత్రం ఉత్త మౌంటెన్ అయిపోతుంది.

రంగుల సంగతి. 20 ల్యాండ్‌లలో మొదటి టర్న్‌లోనే ఆకుపచ్చ మనా ఇచ్చేవి 15. ఇంక్‌మాత్‌కు రంగు లేదు, ఆర్బర్ క్రీచర్ కూడా కనుక వచ్చిన టర్న్‌లో ట్యాప్ కాదు. ఏడు కార్డుల్లో ఈ 15లో ఒకటి పడే అవకాశం 88.2 శాతం. దీనికి తగ్గితే డెక్ కుంటుతుంది, అందుకే ఇంకో రెండు రంగులేని ల్యాండ్‌లు జొప్పించే ఆలోచన మానుకోవాలి. నీలం మనా రెండు పూల్‌ల నుంచీ హైరార్క్ నుంచే వస్తుంది. చేతిలో ఏజెంట్ ఉంటే మొదటి ఫెచ్‌తోనే పూల్ తెచ్చుకోవాలి.

బికమ్ ఇమెన్స్ మనా ధర ఏడు, కానీ డెల్వ్ వల్ల గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల కుప్పలో) ఒక్కో కార్డు తీసేసిన కొద్దీ ఒక్కో మనా తగ్గుతుంది. వాడేసిన ఫెచ్‌లు, పంప్‌లు ఆరు అక్కడ ఉంటే ఒక ఆకుపచ్చ మనాకే +6/+6. రెండో కాపీ పడేసరికి గ్రేవ్‌యార్డ్ ఖాళీ, అందుకే రెండుకు మించి వద్దు. గిటాక్సియన్ ప్రోబ్ ఉన్న రోజుల్లో ఇది ఇంకా త్వరగా పండేది. ఎదుటివాడి చేయి చూపించి, ఒక కార్డు ఇచ్చి, గ్రేవ్‌యార్డ్‌లో ఒకటి పెంచే ఆ కార్డును 2017 జనవరిలో మోడర్న్‌లో నిషేధించారు. అదే నెలలో ఏథర్ రివోల్ట్‌తో ఫేటల్ పుష్ వచ్చింది. ఎల్ఫ్, ఏజెంట్, ఇంక్‌మాత్ మూడింటినీ ఒక్క మనాకు చంపే కార్డు అది. డెక్ అగ్రస్థానం నుంచి జారింది అప్పుడే, తర్వాత ఏళ్లలో ఒక్క పాయింట్ దెబ్బ కొట్టే కార్డులు పెరగడంతో ఇంకా కిందికి దిగింది. ఇవాళ దీన్ని ఎంచుకునేవాళ్లు ఎదుటివాళ్లు ఏ డెక్‌లు తెస్తారో చూసుకుని తేవాలి. క్రీచర్‌లను పట్టించుకోని కాంబో డెక్‌లు, పెద్ద మనా డెక్‌లు ఎక్కువున్న చోట ఇది ఇప్పటికీ ప్రమాదకరమే.

నిషేధాల చరిత్రలో ఇన్‌ఫెక్ట్‌కు ఇది మొదటి దెబ్బ కాదు. 2011లో ఫిలడెల్ఫియా ప్రో టూర్‌లో కొందరు బ్లేజింగ్ షోల్‌తో వచ్చారు. చేతిలోని ఎర్ర కార్డును తీసేస్తే దాని మనా విలువ అంత బలం ఉచితంగా ఇచ్చే కార్డు అది. తొమ్మిది విలువున్న డ్రాగన్‌స్టార్మ్‌ను తీసేస్తే 1/1 కాస్తా పది కొట్టేది. ఆ సెప్టెంబరులోనే షోల్‌ను మోడర్న్‌లో నిషేధించారు.

ఈ డెక్‌కు ప్రత్యేకంగా కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఎదుటివాడికి లైఫ్ ఇచ్చే కార్డుల లోపం ఇక్కడ లోపమే కాదు. నేచర్స్ క్లెయిమ్ ఒక ఆర్టిఫ్యాక్ట్‌నో ఎన్‌చాంట్‌మెంట్‌నో పగలగొట్టి దాని యజమానికి నాలుగు లైఫ్ ఇస్తుంది. ఇతర అగ్రో డెక్‌లకు అది చేదు, మనకు ఉచితం. లెగసీ ఫార్మాట్‌లో ఇన్విగరేట్ అలాంటిదే: ఫారెస్ట్ ఉంటే మనా బదులు ఎదుటివాడికి మూడు లైఫ్ ఇచ్చి +4/+4. దీని రెండో ముఖం కూడా గుర్తుండాలి. మామూలు దెబ్బ, పాయిజన్ కలవవు. హైరార్క్‌తో దాడి చేసి లైఫ్ తగ్గించడం పనికిరాదు, పైగా ఏజెంట్‌కు రావలసిన ఎగ్జాల్టెడ్ పోతుంది.

సైడ్‌బోర్డ్‌కు (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డులకు) నలుపు, నీలం డెక్‌ల మీద వీల్ ఆఫ్ సమ్మర్ మూడు, ఒక్కొక్కటిగా చంపుతూ పోయే డెక్‌ల మీద షేపర్స్ శాంక్చువరీ రెండు మూడు, స్పెల్‌స్కైట్ రెండు, నేచర్స్ క్లెయిమ్ రెండు మూడు సరిపోతాయి. ఒక మ్యాచ్‌లో నాలుగు కార్డులకు మించి మార్చితే కాంబో సన్నబడిపోతుంది. చంపే కార్డులు ఎక్కువున్న డెక్ మీద తీయవలసినవి సోర్సరీలైన (మన మెయిన్ ఫేజ్‌లో మాత్రమే వేయగలిగే) స్కేల్ అప్, డిస్టార్షన్ స్ట్రైక్. ఇన్‌ఫెక్ట్ క్రీచర్‌లను ఎప్పుడూ తీయకూడదు. ఛాలిస్ ఆఫ్ ద వాయిడ్‌ను ఒకటి మీద పెడితే ఒక మనా విలువున్న ప్రతిదీ ఆగిపోతుంది, లైఫ్ కట్టి వేసే మ్యూటాజెనిక్ గ్రోత్‌తో సహా. అప్పుడు ముఖ్యంగా దాటి పోగలిగేవి రెండు విలువున్న ఏజెంట్, ఏడు విలువున్న బికమ్ ఇమెన్స్, ల్యాండ్ కనుక ఇంక్‌మాత్. “మెలిరా, సిల్వాక్ అవుట్‌కాస్ట్” అనే క్రీచర్ గానీ సొలెమ్నిటీ అనే ఎన్‌చాంట్‌మెంట్ గానీ బల్ల మీదుంటే అసలు పాయిజనే పడదు. మెలిరాకు డిస్‌మెంబర్, సొలెమ్నిటీకి క్లెయిమ్ దాచుకోవాలి.

కార్డులు కొనకముందు కాగితం మీద పేర్లు రాసి స్లీవ్‌లలో పెట్టి ఒంటరిగా 30 చేతులు ఆడి చూడటం మంచి పద్ధతి. ప్రతి చేతికీ ఎన్నో టర్న్‌లో పది వచ్చాయో, రాకపోతే క్రీచర్ లేకనా, రంగు లేకనా, పంప్ లేకనా అని రాసుకోవాలి. పంప్ లేక ఆగినవి తక్కువే ఉంటాయి. ఆ పట్టిక చూశాక అయిదో ఆరో రకం పంప్ కోసం చోటు వెతికే కోరిక దానంతటదే తగ్గుతుంది. తర్వాత అదే డెక్‌తో, ప్రతి ఆటలో మూడో టర్న్‌కు ఎదుటివాడు ఒక లైట్నింగ్ బోల్ట్ వేస్తాడని అనుకుని ఇంకో 30 ఆడాలి. మొదటి పట్టికకూ రెండోదానికీ తేడా ఎక్కువ వస్తే రక్షణ కార్డులు చాలడం లేదని అర్థం.

ఫెచ్ ల్యాండ్‌లు, ఇంక్‌మాత్‌లు ఖరీదైనవి. తక్కువ ఖర్చులో నేర్చుకోవాలంటే కామన్ కార్డులే చెల్లే పాపర్ ఫార్మాట్ ఉంది. గ్లిసెనర్ ఎల్ఫ్, బ్లైటెడ్ ఏజెంట్, వైన్స్, మ్యూటాజెనిక్ గ్రోత్, గ్రౌండ్‌స్వెల్ అక్కడ చెల్లుతాయి. ఇంక్‌మాత్ ఉండదు కనుక క్రీచర్ల లెక్కను బ్లైట్ మాంబా, ఇకోర్‌క్లా మిర్ వంటి రెండు మనా క్రీచర్‌లతో నింపాలి. ఇన్విగరేట్ అక్కడ 2013 నుంచి నిషేధంలో ఉంది. 2023లో వచ్చిన టాక్సిక్ క్రీచర్‌లను చూసి వాటితో ఈ ఖాళీ నింపుదామని చాలామంది అనుకుంటారు, అది కుదరదు. టాక్సిక్ 1 ఉన్న క్రీచర్ బలాన్ని పదికి పెంచినా పడే పాయిజన్ ఒక్కటే.